రెండు వకాలత్తులు, ఒక తాళం

నిన్న విరుదునగర్ కోర్టులో నా పరువు ఎట్లా పోయిందో వినండి. నవ్వుకోండి, పర్లేదు. జడ్జిగారే నవ్వినారు!

విరుదునగర్ పక్కన అగ్గిపెట్టెల కంపెనీ ఒకటుంది. మా ఊరు కోవిల్‌పట్టి నుంచి పోయి దాని కేసులన్నీ చూసే వకీలును నేనే. దానికి మేనేజరు మా మామ, నా పెండ్లాం నాయన. పోయిన నెల అక్కడ మంట లేచింది. వెనక తలుపుకు తాళం! పనిచేసే ఒకామెకు రెండు చేతులూ కాలిపోయినాయి. కంపెనీ మీదా, మామ మీదా కేసు పడింది.

వేరే వకీలును పెట్టుకో మామా అని చెప్పాల్సింది. నోరు రాలేదు. "ఇంట్లో అల్లుడుండంగ బయట వకీలు దగ్గరికి పోతే మనోళ్ళేమంటారు?" అన్నాడాయన. కంపెనీ ఓనరు, అదే మా ముదలాళి కూడా, "ఒకే కేసు, ఒకే వకీలు చాలు సార్" అన్నాడు. ఇద్దరి తరఫునా వాదిస్తానని రెండు వకాలత్తుల్లోనూ సంతకం పెట్టేసినా. తెలివిగలోణ్ణి కదా!

మొన్న మా ఇంట్లో అన్నం తింటా మామ మెల్లగా చెప్పినాడు. "తాళం వేసింది నేనే అల్లుడా. ముదలాళే వెయ్యమన్నాడు, పనోళ్ళు ఊరికే బయటికి పోతా ఉండారని."

తెల్లారి ముదలాళి ఫోన్! "సార్, తాళం సంగతి నాకు తెలీదు. మేనేజరే వేసినాడని చెప్పండి."

అప్పుడైనా తప్పుకోవాల్సింది. వాయిదా అడిగి గట్టెక్కుదాంలే అనుకున్నా.

కోర్టులో జడ్జి వాయిదా ఇయ్యలేదు. "తాళం ఎవరు వెయ్యమన్నారు? కంపెనీ ఏమంటుంది?"

"మేనేజరే సొంతంగా వేసినాడంటున్నారు అయ్యా."

"మేనేజరు వకీలెవరు?"

"నేనే అయ్యా."

"ఆయనేమంటాడు?"

"ముదలాళి వెయ్యమంటేనే వేసినానంటాడు అయ్యా."

"అంటే, మీరు చెప్పింది అబద్ధమని మీరే చెప్తున్నారా?"

కోర్టంతా నవ్వింది. కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమె ఒక్కతే నవ్వలేదు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తాళం వేసింది మామేనని నా నోటితో నేనే ఒప్పేసుకున్నా! రెండు వకాలత్తులూ వదులుకోమన్నారు జడ్జి.

తిరుగు బస్సులో మామ నా పక్కన కూర్చోలేదు. కోవిల్‌పట్టిలో దిగినాక ఒక్కమాటే అన్నాడు.

"నేను వకీలుకు చెప్పలేదప్పా. అల్లుడికి చెప్పినా."

ఇప్పుడు ఇంట్లో నా మీద కేసు నడస్తా ఉంది. పెండ్లామే జడ్జి. నా తరఫున మాట్లాడేదానికి మీలో ఎవరైనా రండయ్యా. నా కేసు నా చేతికిచ్చే ధైర్యం నాకే లేదు.