వన్స్ మోర్ అన్న గొంతు

నా చిన్నప్పుడు మా వీధి పిల్లలంతా ఏడ్చినందుకు దెబ్బలు తిన్నవాళ్లే. ఏడవనందుకు తిట్లు తిన్నది మాత్రం నేనొక్కదాన్నే. ఇప్పుడు టీవీ సీరియళ్లలో నాయనమ్మ వేషాలు వేస్తూ, చెంగుతో కళ్లొత్తుకోవడమే బతుకుదెరువు చేసుకున్న నన్ను చూసి ఆ మాట ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది పత్తికొండ పక్కన ఒక పల్లె. ఇంట్లో అందరం ఆడపిల్లలమే. అమ్మ టమాటా తోటల్లోకి కూలికి పోయేది. అమ్మకు సొంత అక్క, మా పెద్దమ్మ, నాటకాల్లో రాణి వేషాలు వేసేది. శెనక్కాయ పంట ఇంటికి చేరాక మా వైపు పల్లెల్లో పౌరాణిక నాటకం ఆడటం వాడుక. రాజు, మంత్రి, భటులు అందరూ ఆ ఊరి రైతులే. హార్మోనియం మాస్టరును పెట్టుకుని నెలల తరబడి పద్యాలు వల్లె వేస్తారు. రాణిని మాత్రం బయటి ఊరి నుంచి మాట్లాడుకుని తెచ్చుకుంటారు. ఆమె ఆ రోజే బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, ముఖానికి రంగు పూసుకుని, అంతకుముందు ఎన్నడూ చూడని రాజుకు భార్యయి పద్యం అందుకోవాలి. అది అందరికీ చేతనయ్యే పని కాదు. మా పెద్దమ్మకు అందులో మంచి పేరుండేది.

పెద్దమ్మంటే నాకు ప్రాణం. ఆమెకు పిల్లలు లేరు. వచ్చినప్పుడల్లా నన్నే ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేసేది, తన డబ్బాలోని పౌడరు నా ముఖానికి అద్దేది. "దీన్ని నాకిచ్చేయే, నేను సాక్కుంటా" అని అమ్మను అడిగేది. "తీస్కపో అక్కా, ఒగ నోరన్నా తగ్గుతాది" అని అమ్మ నవ్వేది. వాళ్లిద్దరికీ అది పరాచికం. నేను మాత్రం ఆ రాత్రి అమ్మ కొంగు వేలికి చుట్టుకుని పడుకునేదాన్ని. ఎందుకంటే మా ఊళ్లో అట్లా అక్కకో ఆడబిడ్డకో ఇచ్చేసిన పిల్లలు నిజంగానే ఉన్నారు. నాతో ఆడుకునే పిల్ల ఒకతి ఒకరోజు పొద్దున్నే మూట సర్దుకుని పోయి మళ్లీ కనబడలేదు.

ఒక ఏడు ఆత్మకూరు వైపు ఊరి నుంచి పెద్దమ్మకు పిలుపొచ్చింది. రాజు ఇచ్చిన మాట కోసం రాణి కన్నబిడ్డను అడవిలో వదిలి పోవాలి, అదీ నాటకం. బిడ్డ వేషం వేయాల్సిన పిల్లవాడికి ఆటలమ్మ పోసిందట. మా పాప ఉండాది లెమ్మని పెద్దమ్మ ఒప్పేసుకుంది. నేను చెప్పాల్సింది ఒకటే మాట, నన్ను విడిచి పోవద్దమ్మా అని. చెప్పి ఏడవాలి, అంతే. మాట వచ్చింది కానీ ఏడుపు రాలేదు. పెద్దమ్మ కళ్లు పెద్దవి చేసి రాగం తీస్తుంటే నాకు ఒకటే నవ్వు. "ఏడ్సవే నా తల్లీ, నీ కాళ్లు మొక్కుతా" అంటే ఇంకా నవ్వు. ఎన్ని రోజులు నేర్పినా, ఎంత తిట్టినా అదే వరస.

బయల్దేరే ముందురోజు పెద్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అమ్మతో అనడం విన్నాను. "నాకూ వయసైపాయె. కొత్త రాణులు వస్తాండారు. ఈ వేషం చెడిందంటే ఇంగ నన్ను పిలిసేవాళ్లుండరు." అమ్మ కట్టె ఎగదోస్తూ నా వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు.

అమ్మ కూడా మాతోపాటే వచ్చింది. ట్రాక్టరు ట్రాలీలు కలిపి, పైన పలకలు పరిచి స్టేజీ కట్టారు. పొద్దు మునిగేసరికి ఊరంతా చేరింది. ముఖానికి రంగు, తలకు పూసల కిరీటం పెట్టేసరికి నేను పోయి తెర చాటున దాక్కున్నాను. అమ్మ స్టేజీ ముందు, ఆడవాళ్లు కూర్చునే చోట గోనెసంచి పరుచుకుని, నన్ను దగ్గరికి పిలిచింది. "ఈడనే కూసుంటా. యాడికీ పోను. బయమైతే నన్ను సూసి చెప్పు" అంది. నేను తలూపి స్టేజీ ఎక్కాను. ఆ మాట పట్టుకునే ఎక్కాను.

మా ఘట్టం వచ్చింది. పెద్దమ్మ నన్ను గుండెకు హత్తుకుని పద్యం ఎత్తుకుంది. నాకేమో మళ్లీ నవ్వొచ్చేటట్టుంది. అప్పుడు పెద్దమ్మ ఒక పాదం పాడి, హార్మోనియం సాగుతుండగా నా చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా చెప్పింది. "మీ యమ్మ పాయె. నిన్ను నాకిచ్చేసి బస్సెక్కి పాయె. ఇంగ రాదు."

నేను గోనెసంచి వైపు చూశాను. సంచి ఉంది. అమ్మ లేదు.

నేర్చుకున్న మాట నా నోట రానే లేదు. "అమ్మా, యాడికి పోతివే" అని గొంతు పగిలేలా అరిచి స్టేజీ అంచుకు పరిగెత్తాను. పెద్దమ్మ కొంగు విసిరి నన్ను పట్టుకుంది. నేను తన్నుకుంటున్నాను, కిరీటం ఊడిపడింది, రంగంతా కారిపోయింది. కింద ఆడవాళ్లు భోరుమన్నారు. మగవాళ్లు తువ్వాళ్లతో కళ్లు తుడుచుకున్నారు. పద్యం ముగిసిందో లేదో, వెనకనుంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. ఇంకొకరందుకున్నారు. ఊరు ఊరంతా వన్స్ మోర్, వన్స్ మోర్ అని లేచి నిలబడింది.

నాటకంలో వన్స్ మోర్ అంటే మళ్లీ ఆడి తీరాలి, అది మర్యాద. హార్మోనియం మాస్టరు మొదటినుంచి ఎత్తుకున్నాడు. పెద్దమ్మ నా ముఖం తుడిచి, కిరీటం పెట్టి, మళ్లీ మొదటి చోటికి లాక్కొచ్చింది. అమ్మ కోసం ఆ జనంలో వెతుకుతూనే ఉన్నాను. కనబడింది. పక్కనున్న ఎద్దుల బండి చాటునుంచి ఇవతలికి వచ్చి నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు, ముఖమంతా సంతోషం. చప్పట్లు కొడుతోంది. అందరితోపాటు తనూ నోరారా వన్స్ మోర్ అంటోంది.

ఈసారి పెద్దమ్మ నా చెవిలో ఏమీ చెప్పలేదు. నేను అమ్మను చూడటం ఆమె చూసింది. నేను అరవలేదు, పరిగెత్తలేదు. ఉన్నచోటే నిలబడి అమ్మనే చూస్తూ ఏడ్చాను, చప్పుడు లేకుండా. మళ్లీ వన్స్ మోర్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

పొద్దున ఊరివాళ్లు మాకు ఉగ్గాని బజ్జీ పెట్టించారు. నేను ముట్టలేదు. అమ్మ నా గడ్డం పట్టుకుని నవ్వుతూ అంది, "ఉత్తదేలేమ్మే. నేనే అట్ల చెప్పమంటి. నీకు ఏడుపు రాకుంటే అక్క మర్యాదేం కావాల?" పెద్దమ్మ చెప్పిన అబద్ధాన్ని నేను ఆ క్షణంలోనే మన్నించేశాను. ఆమె బతుకు ఆమెది. కానీ ఈడనే కూసుంటా, యాడికీ పోను అన్న నోటితోనే కదా అమ్మ ఆ అబద్ధం అల్లింది! నా భయం ఏమిటో ఈ లోకంలో ఎరిగింది ఆమె ఒక్కతే. దాన్నే తీసి ఊరికి చూపించింది. పెద్దమ్మ మాత్రం బస్సులో నా పక్కన కూర్చుని, అడిగింది. "రెండోతూరి ఎట్ల ఏడ్సితివే? నాకే రాదట్ల." బాధపడిందేమో అనుకున్నాను. కాదు, పని నేర్చుకోవాలనుకుంది.

ఆ తర్వాత పెద్దమ్మ తన వేషాలన్నీ నాకు నేర్పింది. ఆమె గొంతు పోయాక నేనే రాణినై కర్నూలు, కడప జిల్లాల్లో తిరగని ఊరు లేదు. నాటకాలు తగ్గాక టీవీ వాళ్లు పిలిచారు. అక్కడ కళ్లలో వేసుకోవడానికి గ్లిజరిన్ ఇస్తారు. నాకు అక్కర్లేదు. ఎట్లా మేడం అని కుర్ర డైరెక్టర్లు అడుగుతారు. అలవాటు నాయనా అంటాను. ఆమధ్య సెట్లో ఒక పసిపిల్లతో, మీ మమ్మీ వెళ్లిపోయిందని ఒక అసిస్టెంటు చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాణ్ని నాలుగు దులిపి, మేకప్ గదిలో ఉన్న ఆ తల్లిని చెయ్యి పట్టి లాక్కొచ్చి, కెమెరా పక్కన బిడ్డకు కనబడేలా కూర్చోబెట్టాను. అమ్మను చూసి పిల్ల పకపకా నవ్వింది. షాటు పాడైంది. పాడైతే ఏం, గ్లిజరిన్ ఉందిగా!

అమ్మ ఇప్పుడు కర్నూల్లో నా దగ్గరే ఉంది, షూటింగులకు నేనే పోయొస్తుంటాను. చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. ఆమె మంచం మీంచి లేచి పెరట్లోకి పోయినా నా కళ్లు వెంటబోతాయి, మళ్లీ వచ్చి కూర్చునేదాకా చేతిలో పని సాగదు. ఇంత వయసొచ్చినా ఆ రోగం నన్ను వదల్లేదు.

మొన్న నా సీరియల్‌లో కొడుకు ఇల్లు విడిచిపోయే ఘట్టం ఫోన్లో పెట్టి చూపించాను. అమ్మ ఫోను ముఖానికి ఆనించుకుని చూసి, చెంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎంత బాగ ఏడుస్తాండావే నువ్వు! యాడ నేర్సితివో ఏమో" అంది. ఆమెకు ఆ ఊరు గుర్తులేదు, గోనెసంచి గుర్తులేదు. చెబుదామని మాట నోటిదాకా వచ్చింది.

"మళ్లొగసారి పెట్టు మే" అంది అమ్మ.

పెట్టాను.