వీరరాఘవులు గారి పంటి పరీక్ష

వీరరాఘవులు గారు దేన్నీ కొరక్కుండా నమ్మరు. కెనడాలో కిచెనర్ దగ్గర తనలాంటి చిన్న రైతులు కలిసి పెట్టుకున్న హెంప్ సంఘంలో సరుకు పరీక్ష ఆయనదే. నార తీసే ఆ కాడల్లో ఒకదాన్ని ముందు పళ్ళతో పుటుక్కుమనిపించి, "పొడి" అనో "తడి" అనో తీర్పు చెప్తారు. పార్ట్‌టైమ్ పనికొచ్చిన రోజు కావ్యశ్రీ పెన్సిల్‌ని కూడా కొరికి, "కర్ర మంచిది, రేపట్నుంచి రా," అన్నారు.

బేస్‌మెంటుకి ఆరుగురు చొప్పున స్టూడెంట్లు దిగి, ఉద్యోగాలకి లైన్లు కడుతున్న రోజులవి. అందుకే ఆయన కారుని మంచుకి వదిలేసి, తలుపేసిన గ్యారేజీలో ఫ్యాన్లు ఎందుకు తిప్పుతారో ఆమె అడగలేదు. "తడి" అన్న కట్టల్ని రెండ్రోజులకి "పొరపాటు పడ్డా, పొడే" అంటూ తెస్తే నోరుమూసుకుని రాసుకుంది.

ఆ నవంబరు శుక్రవారం మాత్రం ఆమెకి చెమటలు పట్టాయి. నాలుగింటికి మిల్లు ట్రక్కు, సీజనుకి ఆఖరిది. ఒక్క కట్ట తడిదైనా లోడంతా వెనక్కే. సరుకు ఎక్కని రైతుకి వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండదు. మూడింటికి రెండెకరాల ముసలావిడ డోరిస్, తన మొదటి పంట పద్దెనిమిది కట్టలు తెచ్చింది.

ఆయన కొరికారు. చప్పుడు రాలేదు.

"తడి."

"మీటర్ పెడ్దాం అంకుల్."

తేమ మీటర్ పంతొమ్మిది శాతం చూపించింది. పదిహేను దాటకూడదు.

"నీ మీటర్‌కీ పళ్ళున్నాయే."

"జోకులేంది అంకుల్? ఆమె సంగతేంది మరి?"

డోరిస్ తన బండిలోనే కూర్చుని గ్లౌజులు నలుపుకుంటోంది. కావ్యశ్రీకి ఒళ్ళు మండింది. ఆయన మాత్రం కట్టలన్నీ సంఘం వ్యానులో వేసుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. మూడున్నరయింది. మూడూ ముప్పావయింది. ఫోనెత్తరు.

మిల్లు ట్రక్కు గేటు తిరుగుతుంటే దాని వెనకే వ్యాను వచ్చింది. దించిన పద్దెనిమిది కట్టలకీ మీటర్ పన్నెండు చూపించింది.

"ఇంత జల్ది ఎట్ల ఎండినయ్ అంకుల్?"

"నా పళ్ళు ముసలివమ్మాయ్. తప్పు చెప్పాయి."

"మరి మీటర్?"

"దానికి నేనంటే భయం."

డోరిస్ కట్టలకి నారింజ తాడు. వీటికి నీలం తాడు. సంఘం మొత్తంలో నీలం తాడు కట్టేది ఈయనొక్కరే. సీజనంతా ఆ గ్యారేజీలో ఫ్యాన్ల కింద ఆరింది తడి తేలిన రైతుల పంటేనని కావ్యశ్రీకి అప్పుడు తెలిసింది. ఆయన మీద ప్రేమ పొంగింది.

"ఇవి మీవి గదా?"

"నా వంతు పోయిన ట్రక్కుకే ఎక్కేసింది. మిగిలినవి ఆవిడకిచ్చేశా. గట్టిగా అనకు, వింటే ఒప్పుకోదు."

"ఆమెకి తెలుగు రాదు అంకుల్."

"నీ మొహం చదివేస్తుంది."

కావ్యశ్రీ మొహం తిప్పుకుని, ఒక కాడ లాగి పళ్ళ మధ్య పెట్టింది. పుటుక్కుమంది.

"పొడే," అని, పంటిగాట్ల పెన్సిల్‌తో ట్యాగు మీద డోరిస్ పేరు రాసింది.