బావ తెచ్చిన పుంజు

మొన్న మా పక్కింటాయన కోడిపిల్లల పెట్టెతో ఆటో దిగాడు. రిటైరై నెల కాలేదు. పెరట్లో రంగులేసిన గూడు ముందే సిద్ధంగా ఉంది, నేలకు ఆనించి. ఇంకేమైనా కావాలా అని అడిగితే, ముందు గూటికి కాళ్లు పెట్టించమన్నాను. మోకాలెత్తు గుంజల మీద గూడు నిలబెట్టి, అడుగున వెదురు బద్దలు సందులు వదిలి పరిస్తే రెట్ట కిందికి రాలిపోతుంది, తేమ పైకి రాదు. తలుపు తూర్పుకు ఉంటే పొద్దుటి ఎండ తగులుతుంది. ఆయన శ్రద్ధగా విన్నాడు. కోళ్ల గురించి ఇంత ధీమాగా మాట్లాడే చదువు నాకు కాలేజీలో రాలేదు. పినపాక అవతల, అడవి అంచున ఉండే మా పెద్దమ్మ పెరట్లో వచ్చింది.

డిగ్రీ ముగించి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఆమె ఇంట్లో ఎదురుచూస్తున్న రోజులవి. పొద్దున కోళ్లకు నూకలో జొన్నలో గుప్పెడే చల్లాలి, మిగతాది అవే తిరిగి ఏరుకోవాలి. ఎక్కువ వేస్తే ఏమవుతుందని అడిగాను. "నీ లెక్క తిని కూసుంటై" అంది. కోడిపిల్లలకు మాత్రం చెదలు. కుండలో తడిపిన గడ్డి, పేడ కుక్కి పుట్ట మీద బోర్లిస్తే తెల్లారేసరికి నిండిపోయేది. పేలు పట్టకుండా పొర్లడానికి బూడిద గుంట, గద్ద తన్నుకుపోకుండా పిల్లల మీద గంప, బావురుపిల్లి దూరకుండా గూటి చుట్టూ ఇనుప జాలి. పిల్లి బెదురుతుందని గూటి దగ్గర రేడియో కూడా పెట్టించింది. పిల్లి సంగతి తెలియదు కానీ, మా పుంజు వార్తలయ్యాకే కూసేది.

ఆమె ఏటా తప్పనిది కొక్కెర తెగులు టీకా. ఆ తెగులు తగిలితే గూడు గూడంతా ఖాళీ. జబ్బు రాకముందే వేయించాలి, వచ్చాక వేయించి లాభం లేదు. ఆ ఏడు పశువుల దవాఖానాలో టీకా అయిపోయింది, మళ్లీ రావడానికి టైము పడుతుందన్నారు. పక్క ఊళ్లలో కోళ్లు తూగుతున్నాయన్న మాట అప్పుడే మొదలైంది. కొత్తగా పెళ్లయిన తన కూతురికి, అంటే మా అక్కకు, కాపురానికి ఇద్దామని పెంచిన పెట్టలు కూడా ఆ మందలోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు బావ అక్కను వెంటబెట్టుకొని, ఎర్రటి పుంజునొకదాన్ని చంకలో పెట్టుకొని వచ్చాడు. ఆయనది బొగ్గుబాయిలో ఉద్యోగం. సంతలో ఆ రోజు పుంజులు తెగ వచ్చాయట. అందరూ ఒక్కసారే ఎందుకు అమ్ముకుంటున్నారని ఆయన అడగలేదు. మా ఇళ్లలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఆయన వరండాలో, ఆమె తలుపు చాటున, మధ్యలో నేను.

"బావకు చెప్పురా, పుంజు మంచిగుంది. కొట్టం అవతల గంప కింద పెట్టమను. మూడు వారాలు ఆడనే ఉంటది."

"గదేంది? మందల ఇడిస్తే ఏమైతదో అడుగు అత్తమ్మను."

"కొత్త కోడి, ఏం రోగం తెచ్చిందో ఎవలకెర్క అని చెప్పు."

"అంటే నేను రోగం తెచ్చిన్నా?"

నేను ఎవరి మాటా ఎవరికీ చేరవేసింది లేదు. తల అటూ ఇటూ తిప్పడమే నా పని. బావ పుంజును గంప కింద పెట్టి, డ్యూటీ ఉందని చెప్పి, వడ్డించిన విస్తరి వదిలేసి బండెక్కాడు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఒక్క పుంజు కోసం మనిషిని ఎల్లగొడ్తవా అమ్మా?"

"ఆకలైతే వస్తడు బిడ్డా. కోళ్లు పోతే నీకేం ఇయ్యాలె నేను?"

పైకి అలా అంది కానీ, ఆ పూట ఆమె కూడా తినలేదు.

పుంజుకు వేరే ముంత, వేరే మేత. ముందు మన కోళ్లకు వేసి, చివరనే దాని దగ్గరికి వెళ్లాలి, తిరిగొచ్చి కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మందను బయటికి వదల్లేదు. నాలుగు రోజులు కులాసాగా కూసిన పుంజు తర్వాత ముడుచుకుంది. ఆకుపచ్చగా రెట్ట వేసింది, మెడ మెలితిరిగింది, పోయింది. దూరంగా లోతు గుంట తీసి సున్నం పోసి పూడ్చాం, గంప కాల్చేశాం. ఆ సంతలోనే కొన్నవాళ్ల గూళ్లు రెండు వీధుల్లో ఖాళీ అయ్యాయి. మా మంద మాత్రం జొన్నలకు ఎప్పటిలాగే కొట్లాడుకుంటోంది. టీకా రాగానే అన్నిటికీ వేయించింది.

అక్కను తీసుకెళ్లడానికి బావ వచ్చేసరికి ఈ కబురు ఆయన బాయి దాకా చేరింది. చెప్పులు దర్వాజా అవతలే విడిచి నిలబడ్డాడు. "అత్తమ్మను అడుగు, లోపటికి రావాల్నా, గంప కింద కూసోవాల్నా?"

పెద్దమ్మ నవ్వాపుకోలేక నన్ను మరిచిపోయింది. "కాళ్లు కడుక్కొని రాండ్రి, అన్నం చల్లారుతది" అని ఆయనతోనే అనేసింది. దాంతో నాకున్న ఒక్క ఉద్యోగమూ పోయింది.

పెట్టలు అక్కతో వెళ్లాయి. వాటి పిల్లల పిల్లలు ఇప్పటికీ బావ వాళ్ల బొగ్గుబాయి క్వార్టర్ల మధ్య తిరుగుతుంటాయి. కోళ్లకు తరాలు చకచకా మారిపోతాయి. మనుషులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునే కాలం మాత్రం తీరిగ్గా వస్తుంది.