పొగ దారి, మూయవద్దు

మా అక్క పొయ్యి మీది పొగగొట్టాన్ని బయటి నుంచి సిమెంటుతో మూసేశారు. మాకు చెప్పలేదు. గోడ అవతల ఎవరైనా వంట చేసుకుంటున్నారేమో అని ఒక్కడూ తొంగి చూడలేదు. మూసిన పదకొండో రోజు మధ్యాహ్నం మా అక్క ఆ పొయ్యి ముందే కూలిపోయి ప్రాణం విడిచింది.

ఇది ఎనభైల నడిమి మాట. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు తవ్వుతావని మా వాళ్లే అంటారు. తవ్వకపోతే "పాపం, దమ్ము మనిషి, దమ్ముతోనే పోయింది" అన్న మాట ఒక్కటే మిగులుతుంది. డాక్టరు కాగితం మీద అదే, ఉబ్బసం అని, రాసి చేతులు కడుక్కున్నాడు. నాకు ఆ మాట సరిపోదు.

కామాఠీపురాలో మాది మూడంతస్తుల చాళ్, ఒంటి గదుల వరస ఇల్లు. పాలమూరు నుంచి వచ్చి ఈ బొంబాయి గోడలు కట్టిన కూలీల మనవలం, మునిమనవలమే అందులో అందరమూ. రెండో అంతస్తులో చివరి ఖోలీ, అంటే గది, అక్కది. బావ పోయాక అక్క అందులోనే ఖానావళి పెట్టింది. ఊరి నుంచి కొత్తగా దిగిన కూలీలు పన్నెండు మందికి రెండు పూటలా తిండి. ఒక మూల నడుమెత్తు రాతి గట్టు, దాని మీద కుంపట్ల లాంటి రెండు బొగ్గు సిగ్డీలు. గ్యాసుకు పేరు రాయించి ఏళ్లయినా సిలిండరు రాలేదు. జొన్నరొట్టె బొగ్గుల మీదే సరిగ్గా పొంగుతుందని చెప్పి అక్క ఆ గ్యాసు సంగతే మరిచిపోయింది.

దగ్గు మాత్రం ఆమెను మరిచిపోలేదు. వాక్యం మధ్యలో ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గి, మళ్లీ ఆ వాక్యాన్ని అక్కడి నుంచే అందుకునేది. ఆస్పత్రిలో డాక్టరు ఒక్కటే చెప్పాడు, పొయ్యి అన్నా మానెయ్, పొగ అన్నా బయటికి పంపు అని.

"పొయ్యి ఇడిస్తే గీ పన్నెండు కడుపులకు ఆ డాక్టరొచ్చి ఒండుతడా?" అంది అక్క ఇంటికి వచ్చాక.

నాకు సిగ్గేసింది. ఎందుకంటే నా పనే అది. నాగ్‌పాడాలో ఒక రేకుల కార్ఖానాలో నేను హోటళ్ల వంటిళ్లకు, పొయ్యి మీది పొగను పట్టి బయటికి పంపే రేకు పొగగూళ్లు చేసేవాణ్ణి. బడి మొహం చూడనివాణ్ణి. మీసాలు వచ్చాక, గోడల మీది రాతలూ పొట్లాల కాగితాలూ పట్టుకుని తెలుగు నేర్చుకున్నాను. ఆ తర్వాత కొలతల కాగితాలు చదవడం నేర్చుకున్నాను. ఎందరో సేట్ల వంటవాళ్ల నెత్తిన గూడు కట్టాను కానీ, నా తోడబుట్టినదాని నెత్తిన కట్టాలని తోచలేదు.

ఒక ఆదివారం పని పట్టాను. జింకు రేకుతో గూడు చేశాను. గోడ లేని రెండు వైపులా గట్టు కన్నా బెత్తెడు పెద్దదిగా ఉండాలి, లేకపోతే అంచుల నుంచి పొగ జారుకుంటుంది. సిగ్డీ పై నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో పెట్టాలి. కిందికి పెడితే మంట తగిలి రేకుకు అంటిన జిడ్డు అంటుకుంటుంది, పైకి పెడితే పొగ దాన్ని లెక్కచేయదు. మా చాళ్ దూలాలు చెదలు తిన్న కట్టెవి. వాటిని నమ్మకుండా గోడలోకే నాలుగు ఇనప కొక్కేలు దించాను. గొట్టం పోయే చోట చుట్టూ జానెడు దూరంలో కట్టె లేకుండా చూసుకుని ఇటుక తీశాను. పాత హోటలు ఫ్యాను ఒకటి బాగుచేసి గొట్టంలో బిగించాను. తీగను వేడికి దూరంగా ఇనప పైపులో నడిపి స్విచ్చి తలుపు పక్కన పెట్టాను. ఏదైనా అంటుకుంటే పొయ్యి మీదుగా చెయ్యి చాపే పని ఉండకూడదు. గొట్టం మూతి పక్కవాళ్ల కిటికీ వైపు కాకుండా వెనక మురుగు పారే గటర్ గల్లీ వైపు తిప్పి, వాన పడకుండా రేకు టోపీ పెట్టాను. బయటికి గాలి పోవాలంటే లోపలికి గాలి రావాలి. అందుకని తలుపు కింద రెండు వేళ్ల సందు కోశాను.

కొక్కేలు పట్టుకుని నేనే వేలాడి చూపించాను.

"నీ బరువు గదేం బరువురా తమ్మీ? రెండు బియ్యం సంచులు ఏలాడగట్టు, అప్పుడు నమ్ముత," అంది అక్క.

నిజంగానే రెండు సంచులు కట్టించింది. కొక్కేలు కదలలేదు. సాయంత్రం కూలీలు తిండికి వచ్చి వరసగా నిలబడి తలెత్తి చూశారు.

"అక్కా, నీ పొయ్యికి కిరీటం వెట్టిండ్రే!" అన్నాడొకడు.

"కిరీటం కాదు బిడ్డా, గొడుగు. మీకు లేని మర్యాద నా సిగ్డీకి అచ్చింది. కూసోండి, రొట్టె సల్లారుతది."

ఊదుబత్తి వెలిగించి గూడు కింద పట్టాను. పొగ తీగలాగా సాగి పైకి వెళ్లిపోయింది. అక్క పిల్లలాగా నవ్వింది. అప్పుడు నేనొక మాట అన్నాను. "ఫ్యాను తిరుగుతున్నంత సేపు బేఫికర్ ఉండక్కా." దిగులు లేకుండా ఉండమన్నది నేనే. అది తప్పు మాట. ఫ్యాను తిరగడం వేరు, గాలి బయటికి పోవడం వేరు. ఊదుబత్తి పరీక్ష ఆమె చేతికిచ్చి, వారానికొకసారి చెయ్యమని చెప్పి ఉండాల్సింది. గొట్టం మూసిన మేస్త్రీలను తిట్టే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

ఇంకొక తప్పు కూడా ఉంది. బయటి గోడ మీద గొట్టం పక్కనే ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు రాశాను: పొగ దారి, మూయవద్దు. నిచ్చెన పట్టుకున్న పక్క ఖోలీ కుర్రవాడు, మిల్లులో పనిచేసేవాడు, కిందినుంచి అరిచాడు.

"కాకా, మరాఠీల రాయి! గీ తెలుగు ఎవనికొస్తది?"

"ఈ చాళ్ల ఉన్నదంతా ఎవలురా? తెలుగు రానోడు ఈ గోడెక్కడు," అన్నాను.

గర్వం. నేనుగా నేర్చుకున్న అక్షరాలు నలుగురికీ కనపడాలన్న గర్వం. మా పిల్లలంతా మునిసిపాలిటీ మరాఠీ బడికి పోతున్నారని నాకు తెలియదా? తెలుసు.

గూడు పెట్టాక అక్క దగ్గు తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, వాక్యాలు మధ్యలో ఆగడం మానేశాయి. నాకది చాలు.

మరుసటి ఏడు వానల ముందు సూరత్‌లో ఒక పెద్ద హోటలు వంటింటి పని తగిలి నెల రోజులకని వెళ్లాను. నేను వెళ్లాక చాళ్ వెనక గోడకు మరమ్మతు మొదలైంది. గోడలు నానుతున్నాయని అందరం అర్జీ పెట్టుకున్నదే. మరమ్మతు ఆఫీసు పనిని గుత్తకిచ్చింది. గుత్తేదారు మనుషుల్ని ఎక్కడి నుంచో తేలేదు. కింది అంతస్తులో ఉండే మా మేస్త్రీ మామనే పెట్టుకున్నాడు, ఆయన కింద మా చాళ్ కుర్రవాళ్లనే పెట్టుకున్నాడు. వెదురు పరంజా కట్టి, వారం రోజుల్లో ముగించి, విప్పుకుని పోయారు.

మొదట్లో వాన లేదు. అక్క తలుపూ కిటికీ తీసి వంట చేసింది. ఆ తర్వాత వాన పట్టుకుంది. గదుల ముందు గ్యాలరీలో జల్లు కొట్టి నీళ్లు లోపలికి వస్తున్నాయని కిటికీ వేసింది, తలుపు వేసింది, నేను కోసిన సందులో గోనె కుక్కింది. బయటి దారి తెరిచి ఉంటే అది ప్రాణం తీసే తప్పు కాదు. రాజుకున్న బొగ్గుల విషపు గాలి కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. తలనొప్పి అన్నది. వాంతి అయిందన్నది. పక్క ఖోలీ వదిన, "ఫ్యాను గొంతు మారింది సూడు," అంటే, "తమ్మి అస్తడు, సూస్తడు. తిరుగుతున్నది గద," అన్నదట.

ఆ రోజు నాలుగు గంటలప్పుడు వదిన మాడు వాసన పట్టి తలుపు నెట్టింది. గంపలో తొమ్మిది రొట్టెలు, గుడ్డ కప్పి ఉన్నాయి. పదోది పెనం మీద బొగ్గయింది. అక్క గట్టుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. సాయంత్రం పన్నెండు మంది పని నుంచి వచ్చి, చెప్పులు విడిచి, గ్యాలరీలో గోడకు ఆనుకుని నిలబడ్డారట. ఆ రొట్టెలు ఎవరూ ముట్టుకోలేదు.

నేను మరునాడు వచ్చాను. మట్టి చేసి వచ్చాక, ఇల్లు ఖాళీ అయ్యాక, నాకెందుకో ఊదుబత్తి వెలిగించాలనిపించింది. గూడు కింద పట్టాను. పొగ పైకి పోయి, రేకుకు తగిలి, మెల్లగా తిరిగి నా మొహం మీదికి వచ్చింది. ఫ్యాను విప్పి భుజం దాకా గొట్టంలో చెయ్యి పెట్టాను. వేళ్లకు చల్లగా, గరుకుగా సిమెంటు తగిలింది.

వెనక గల్లీలోకి పోయి చూశాను. నిజం చెప్పాలి, పని చాలా బాగా చేశారు. గొట్టం ఉన్న గుర్తు లేదు, నా ఎర్ర అక్షరాలు లేవు. అద్దం లాంటి గోడ.

మేస్త్రీ మామ మెట్ల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"మామా, ఎనక గోడ నువ్వే చేసినవా?"

"నేనే. ఏం, కారుతున్నదా?"

"కారుతలేదు. రెండో అంతస్తుల రేకు గొట్టముండె. ఏమైంది?"

"గొట్టాలు శాన ఉండె తమ్మీ. సచ్చిన నల్లా పైపులు, పావురాలు దూరే బొందలు. అన్నీ మూయమని గుత్తేదారు ముకాదమ్, మా మీది పెద్ద, ఆఫీసు కాయితం సూపిండు. పరాంచి కట్టనీకి అడ్డమొస్తే పోరలు రేకు కోసిండ్రు. నేను రెండు ఇటుక ముక్కలు వెట్టి పైన సిమెంటు గిలాబు చేసిన."

"పక్కన రాసి ఉండె గద."

"ఎర్ర రంగుండె. ఓట్లప్పుడు రాస్తరు గద, గట్లనుకున్న. నాకు సదువెక్కడిది? పోరలను అడిగిన. గది తెలుగు, మాకు రాదన్నరు." బీడీ నోటి దాకా పోయి ఆగింది. "ఎవ్వరిది ఆ గొట్టం?"

ఆయనే లెక్కపెట్టుకున్నాడు, కింది నుంచి పైకి, ఖోలీ తర్వాత ఖోలీ. చివరి ఖోలీ దగ్గరికి వచ్చేసరికి బీడీ జారి కింద పడింది.

"నేను గూడ ఆమె చేతి రొట్టె తిన్నోన్నే గదరా," అన్నాడు. "గోడల బొంద కనవడితే మా చెయ్యి ఆగది తమ్మీ. ముత్తాతల కాడికెళ్లి గదే పని."

ఆయన మీద నాకు కోపం నిలవలేదు. ఆఫీసుకు రాసే కాగితం మీద, మూసింది తానేనని వేలిముద్ర వెయ్యమంటే, పని పోతుందని తెలిసీ వేశాడు. ఆ తర్వాత ఆ గుత్తేదారు ఆయన్ని పిలవలేదు. నా కోపం, లోపల మనిషి ఉందో లేదో చూడకుండా "అన్ని రంధ్రాలూ మూయండి" అని కుర్చీలో కూర్చుని రాసిన వాళ్ల మీద. నేను అడిగింది ఒక్కటే: మూసింది మేము, అడగకుండా మూశాము అని కాగితం మీద రాసివ్వండి. అప్పుడు డాక్టరు రాసిన దాని పక్కన పెట్టుకోవడానికి నా దగ్గరా ఒక కాగితం ఉంటుంది.

ఆఫీసు గుమాస్తా నేను హిందీలో రాయించుకుపోయిన కాగితం సగం చదివి, తలెత్తి, గొట్టానికి అనుమతి ఉందా అని అడిగాడు.

"పైప్ కా పర్మిషన్ థా క్యా?"

"బొగ్గు పొగకు పర్మిషన్ ఉండెనా సాబ్, ఆమె దగ్గుకు ఉండెనా?" అని నాకు వచ్చిన హిందీలో అడిగాను.

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. విసుగు నవ్వు. ఇంగ్లీషులో రాసి తెమ్మన్నాడు. "అరే బాబా, లిఖ్ కే దో. ఇంగ్లీష్ మే."

గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట అర్జీలు టైపు కొట్టే ఆయన ఒకడు కూర్చునేవాడు. నేను హిందీలో చెబితే ఇంగ్లీషులో కొట్టేవాడు. మళ్లీ చదివి అర్థం చెప్పమంటే చెప్పాడు. "చంపారు" అని నేనంటే "అసౌకర్యం కలిగింది" అని కొట్టాడు.

"ఇది నా మాట కాదు," అన్నాను.

"చాచా, మీ మాట కొడితే ఆఫీసోళ్లు ఫైల్లో పెట్టరు. చెత్తబుట్టలో పెడతారు," అన్నాడు.

కొట్టినదాన్ని చించి, మళ్లీ కొట్టించాను. నాలుగు ఉత్తరాలు వెళ్లాయి. నాలుగింటిలోనూ అక్క ఏ రోజు, ఏ వేళ, ఏ గోడ ముందు పోయిందో రాయించాను. మేస్త్రీ మామ వేలిముద్ర కాగితం ప్రతిసారీ జత చేశాను. ఆ ఏడు గడిచింది. పన్నెండు మందీ వేరే ఖానావళులు వెతుక్కున్నారు. ఆ ఖోలీలోకి కొత్త సంసారం వచ్చింది. గూడు విప్పి కార్ఖానాకు తీసుకుపోయాను. కరిగించడానికి చెయ్యి రాక ఒక మూల పెట్టాను.

మళ్లీ వానలు మొదలయ్యాక కవరు వచ్చింది. ఇంగ్లీషు ఉత్తరం. దాదర్‌లో రెండు భాషలూ చదువుకున్న ఒక తెలుగు పెద్దమనిషి ఇంటికి తీసుకుపోయాను. ఆయన ఒకసారి తనలో తాను చదువుకుని, కళ్లజోడు తుడుచుకుని, "రాసుకుంటావా?" అన్నాడు. రాసుకుంటానన్నాను. ఒక్కో మాటా తెలుగు చేసి చెప్పాడు, నేను రాసుకున్నాను. ఇదీ ఆ జవాబు:

"మీ ఉత్తరములు అందినవి. సదరు భవనపు వెనుక గోడలోని రంధ్రములన్నియు నిబంధనల ప్రకారము మూయబడినవి. పని నాణ్యతను మా ఇంజనీరు స్వయముగా పరిశీలించి తృప్తి వ్యక్తము చేసినారు. మరమ్మతు అనంతరము, మీరు పేర్కొన్న గదిలో నివసించు స్త్రీ నుండి మాకు ఎట్టి ఫిర్యాదు అందలేదు."