కనిపించిన పురుగు, కనిపించని పిట్ట

దేవుడి తర్వాత పిట్టల్ని తయారుచేసింది మా తాత ఒక్కడే. ఆ మాటకొస్తే దేవుడు చేసినవి ఎగిరిపోయాయి, తాత చేసినవి పెట్టినచోటే ఉన్నాయి.

తాత మ్యూజియంలో పనిచేసేవాడు. చచ్చిన పిట్టల తోళ్లలో పీచు కూరి, గాజుకళ్లు అతికించి మళ్లీ నిలబెట్టేవాడు. సెలవుల్లో నేను ఆయన బల్ల కింద చేరి ఆ కళ్లతో గోలీలాడేవాణ్ణి. ఇప్పటికీ నాఫ్తలీన్ వాసన తగిలితే తాత ఒళ్లో కూర్చున్నట్టే ఉంటుంది.

ఆయనకి ప్రాణం ఒక గాజుపెట్టె. అందులో ఎండుగడ్డిలో పూరేడు పిట్ట, పక్కన చెట్టుబెరడు మీద ఒక శలభం. జాతులు వేరైనా రెండూ ఒకే బడిలో చదువుకున్నాయనేవాడు. రెండూ కదలకుండా కూర్చుని కంటికి ఆనవు. మీదికెళ్తే మాత్రం పిట్ట కాళ్లకింద నుంచి బుర్రుమని లేస్తుంది, పురుగు పైరెక్కలు జరిపి లోపలి ఎర్రరెక్కలతో బెదరగొడుతుంది. ఇంట్లో పనుందంటే తాత కూడా అలాగే మాయమవుతాడని, ఎర్రరెక్కలే తక్కువని నాయనమ్మ అనేది.

చిక్కేమిటంటే, తాత వాటిని మరీ బాగా దాచాడు. జనం ఖాళీ పెట్టె అనుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒకాయన దానిమీద గొడుగు పెట్టి మర్చిపోయాడు కూడా. కొత్తగా వచ్చిన పెద్దసారు, పిట్టని కనబడేలా పచ్చగుడ్డ మీదికి మార్చకపోతే పెట్టెని సామాన్ల గదిలో పడేయిస్తానన్నాడు. తాతకి అన్నం సహించలేదు.

చూసి చూసి నాయనమ్మ అంది: "దాక్కోవడమే నేర్పావు వాటికి. బెదిరించడం కూడా వాటి విద్యేగా?"

తాత పురుగుని తడిగుడ్డ వేసిన డబ్బాలో ఉంచి, మెత్తబడ్డాక పైరెక్కలు రవ్వంత జరిపాడు. ఎరుపు తొంగిచూసింది. అంతే, పిల్లలు వచ్చి అద్దానికి ముక్కులానించారు. పురుగు దొరికాక, పక్కన ఇంకేముందోనని వెతుకులాట. పిట్ట దొరికినవాళ్లు దొరకనివాళ్లకి చెప్పేవాళ్లు కాదు. చివరికి పెద్దసారూ ముక్కు ఆనించాడు. పెట్టె అక్కడే ఉండిపోయింది.

నాయనమ్మ పోయాక తాత అటు వెళ్లలేదు. మొన్న చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్లాను. పెట్టె ముందు నిలబడి, మొత్తానికి సారుకి లొంగిపోయావు కదా అని ఆటపట్టించాను.

తాత పురుగు మీది నుంచి చూపు తిప్పలేదు.

"దాని రెక్కలు తెరిచింది మీ నాయనమ్మ మాట విని. పిట్ట ఈకైనా కదిపానా? వాగింది చాలుగానీ, అదెక్కడుందో చూపించు ముందు."