మా బావ కూర్చున్న స్టూలు

మా బావకి స్టూలు పడదు. ఏ స్టూలైనా సరే. రాక్ పాటలకి పియానో వాయించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. సగం బ్యాండ్లు ఆయన కట్టిన పాటలే పాడుకుంటాయి, మిగతా సగం రికార్డింగుకి రమ్మని ఆయన్నే పిలుస్తాయి. కానీ పాట మంచి ఊపులో ఉండగా రెండు చేతులూ పైకెత్తి, "ఆగండాగండి, స్టూలు కిర్రుమంది" అంటాడు.

అంతే, అందరూ ఆగాలి. ఆయన స్టూలు తిరగేస్తాడు, మర బిగిస్తాడు, నూనె వేస్తాడు, ఎక్కి కూర్చుని అటూ ఇటూ ఊగుతాడు. స్టూడియోలో సౌండు చూసుకునే ఖర్మ నాది కాబట్టి, తిట్లన్నీ బావమరిదిగా నాకే తగిలేవి.

స్టూళ్ళు మార్చాం. వడ్రంగిని పిలిపించాం. అతను స్టూలుకి చెవి ఆనించి చాలాసేపు విని, "దీనికి ఏ జబ్బూ లేదు బాబూ, కూర్చునే ఆయన్ని చూపించుకోండి" అని వెళ్ళిపోయాడు.

మా అక్కనడిగితే పగలబడి నవ్వింది. "మా ఇంట్లో వాలుకుర్చీ కదిలితే ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు. మీ బావ అందులోనే గుర్రుపెట్టి నిద్రపోతార్రా!"

ఆ మధ్య ఒక ఆల్బమ్‌కి డ్రమ్స్ వాయించే పెద్దాయన తిరిగొచ్చాడు. భుజానికి ఆపరేషనై చాన్నాళ్ళు ఇంట్లో కూర్చున్న మనిషి. "చెయ్యి బ్రహ్మాండంగా ఉంది" అని అడక్కుండానే అందరికీ చెప్పేవాడు. నిర్మాత మాత్రం నా చెవిలో, "తాళం ఒక్కసారి జారినా వేరేవాణ్ణి పిలుస్తా. మొహమాటాల్లేవు" అన్నాడు.

పాట మొదలైంది. మూడో చరణం దగ్గర స్టూలు కిర్రుమంది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ మూడో చరణం, మళ్ళీ స్టూలు.

నిర్మాతకి తిక్క రేగింది. "ఆ స్టూలు కింద మైకు పెట్టవయ్యా! ఈసారి అది కిర్రుమనకుండానే ఆపాడంటే మీ బావ ఇంటికే!"

పెట్టాను. స్టూలుకి మైకు పెట్టిన ఘనత ప్రపంచంలో మాదే అయ్యుంటుంది.

హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఆ మైకు ఒక్కటే విన్నాను. స్టూలు మౌనవ్రతంలో ఉంది. దూరంగా డ్రమ్స్ వినపడుతున్నాయి. మూడో చరణం దగ్గర పెద్దాయన కుడిచేతి దెబ్బ మెత్తబడింది. ఇంకాస్త సాగితే తాళం జారేదే.

"ఆగండాగండి, స్టూలు కిర్రుమంది."

పెద్దాయన భుజం నొక్కుకుంటూ గోడకి జారబడ్డాడు. బావ తీరిగ్గా మర బిగిస్తున్నాడు. ఓరి నీ అసాధ్యం కూలా! ఇన్నేళ్ళ స్టూళ్ళూ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"వినపడిందా?" అన్నాడు నిర్మాత.

"పడింది సార్. గూబ గుయ్యిమంది."

"నాకు వినపడలేదే!"

"బయటికి రాదు సార్. లోపల్లోపలే కిర్రు."

నిర్మాత తల పట్టుకుని, "తగలెయ్యండి, నూనె పొయ్యండి" అన్నాడు. ఆ రోజు నూనె నేనే పోశాను, చుక్క తర్వాత చుక్క, పెద్దాయన భుజం తెరిపిన పడేదాకా.

తర్వాత పాట చివరిదాకా సాగింది, తాళం ఎక్కడా జారలేదు. మిగతా పాటలకీ ఉండమని నిర్మాత పెద్దాయనతో తనే చెప్పాడు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ బావ మీద విరుచుకుపడ్డాడు.

"ఏమయ్యా, నీ స్టూలుతో చస్తున్నాం! మంచి ఊపులో ఉండగా చెడగొడతావు!"

"ఔనన్నా, తప్పు నాదే" అని బావ తల గోక్కున్నాడు.

నాకు ఆ మనిషి మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది. "కొత్త స్టూలు కొననా బావా?" అన్నాను.

"కొను. కిర్రుమననిది చూసి కొను. ఉత్తపుణ్యానికి చప్పుడు చేస్తే నాకు మహా చిరాకు."