పెసరట్టు అంటే అందరూ ముందుకే

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తరువాతి చలికాలంలో, జూన్ నెల మొదటి సోమవారం నాడు, నేను ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్ళోని ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా చేరాను. ఇక్కడివాళ్ళు ఈ ఆటను గ్రిడైరన్ అంటారు. కొన్ని సీజన్లు నడిచి ఆగిపోయిన చిన్న లీగ్ అది. ఆటగాళ్ళకు జీతం ఉండేది కానీ, అది చూసి ఎవరూ అసలు ఉద్యోగం మానుకోలేదు. మా జట్టులో ప్లంబర్లు, నర్సులు, ఒక వెటర్నరీ డాక్టరు ఉండేవారు.

తెనాలిలో కబడ్డీ ఆడి, కాలేజీలో వ్యాయామ విద్య చెప్పిన నాకు ఈ పని ఎలా దొరికిందని చాలామంది అడుగుతారు. మా ఆవిడ నర్సు. ఆవిడ ఉద్యోగంతో పాటు నేనూ ఈ ఊరు వచ్చి, ఇక్కడివాళ్ళు యూని అనే విశ్వవిద్యాలయంలో, క్రీడా విభాగంలో పన్నెండేళ్ళు పనిచేశాను. అక్కడి గ్రిడైరన్ కుర్రాళ్ళకు సరదాకి చీలమండ పట్టు నేర్పాను. పరిగెత్తేవాణ్ణి ఒంటి చేత్తో కింద పడేయడం చూసి వాళ్ళు నన్ను వదల్లేదు. తరువాత కోచింగ్ పరీక్షలు ఒక్కొక్కటీ పాసయ్యాను. వాటిలో తప్పిన పరీక్ష కూడా ఒకటుంది, దాని సంగతి ఇక్కడ అనవసరం.

ఈ వృత్తిలో హోదాలు ఖచ్చితంగా ఉంటాయి. అందరికీ పైన హెడ్ కోచ్. ఆయన కింద ఇద్దరు కోఆర్డినేటర్లు, బంతి మనదైనప్పుడు ఒకరు, ఎదుటివాళ్ళదైనప్పుడు ఒకరు. నేను రెండో రకం. ఆటలో బంతి కదిలే ప్రతిసారీ దానికి ముందు మా పదకొండుమంది ఎక్కడ నిలబడాలో, ఎవరు దూకాలో, ఎవరు వెనక్కి తగ్గాలో మైదానం పక్క నుంచి నేను చెప్పాలి. ఆ వ్యూహాలన్నీ రాసుకున్న అట్ట కాగితాన్ని కాల్ షీట్ అంటారు. అది ఎవరి చేతిలో ఉంటే వాడే కోఆర్డినేటర్. లేనివాడు నీళ్ళ సీసాలు అందించుకోవచ్చు.

పెద్ద లీగుల్లో ఆటగాడి హెల్మెట్‌లోనే రేడియో ఉంటుంది. మాకు అంత వైభోగం లేదు. చేతి సైగలే. ముక్కు పట్టుకుంటే ఒక వ్యూహం, మోచెయ్యి తడితే ఇంకొకటి. ఎదుటి జట్లు మా ఆటలు వీడియో తీసి, వారం పాటు కూర్చుని నా ముక్కుకీ మోచేతికీ అర్థాలు కనిపెట్టేశాయి. వరసగా మూడు ఆటలు ఓడిపోయాం. మా హెడ్ కోచ్ రాస్ మాటలు తక్కువ మనిషి. ఒక మంగళవారం నన్ను పిలిచి, సిడ్నీ ఆటలో కూడా ఇలాగే జరిగితే కాల్ షీట్ తనే తీసుకుంటానని చెప్పాడు. అంటే మరుసటి ఏడాది నా ఒప్పందం ఉండదన్న మాట. నాకప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో తెలుగువాడికి గ్రిడైరన్ కోచ్ పని ఇచ్చే ఇంకో జట్టు దక్షిణార్ధ గోళంలో ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

ఆ భయంలోంచే ఆలోచన పుట్టింది. సైగలు మానేసి తెలుగులో అరుద్దాం, ఎవడు కనిపెడతాడో చూద్దాం అనుకున్నాను. మూడు మాటలు ఎంచుకున్నాను. ఇడ్లీ అంటే నలుగురు ముందుకు, ఏడుగురు వెనక్కి తగ్గి తలా కొంత చోటు కాపలా కాయాలి. దోశ అంటే పరుచుకుపోయి మనిషికి మనిషిని పట్టుకోవాలి. పెసరట్టు అంటే బ్లిట్జ్. అంటే కాపలా వదిలేసి, వీలైనంతమంది ఒక్కసారిగా ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీద పడాలి. బంతి ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడికి ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే బ్లిట్జ్ లక్ష్యం. అయితే అది వస్తోందని వాడికి ముందే తెలిస్తే మాత్రం మన కొంప మునుగుతుంది. మనవాళ్ళు ఖాళీ చేసిన చోటికి చటుక్కున బంతి విసిరేస్తాడు.

మాటలు గుర్తుండడానికి మా ఆవిడ రెండు ఆదివారాలు జట్టు మొత్తానికి టిఫిన్లు చేసింది. పెసరట్టు తిన్నాక దాని పేరు ఎవరూ మరిచిపోలేదు. రెండో ఆదివారం పిండి అయిపోతే ఉప్మా చేసింది. అది కూడా ఎవరూ మరిచిపోలేదు, వేరే కారణంతో. నా కేకలు అందుకుని మిగతా పదిమందికి చేరవేసేవాడు, ముందు వరస వెనక మధ్యలో నిలబడే మిడిల్ లైన్‌బ్యాకర్ డేల్. పని ప్లంబింగు, బరువు నూట పన్నెండు కిలోలు. వాడి నోట ‘పెస్సరాటూ’ అని వినిపించినా, మా పదిమందికీ అర్థమైపోయేది.

ఆట సిడ్నీలో, పర్రమాటా దగ్గర, ఆదివారం మధ్యాహ్నం. శనివారం పొద్దున్న మైదానంలో నడక సాధన ముగించి, మిగిలిన రోజు ఎవరి ఇష్టం వారిదన్నాడు రాస్. మా బావమరిది ప్రసాద్ ఇల్లు గిరావీన్‌లో, అక్కడికి పది నిమిషాలు. ఐటీలో పనిచేస్తాడు. “బావగారూ, మీరు మోటెల్‌లో ఉండటమేంటండీ! సాటర్డే ఆర్వో మన ఇంట్లో చిన్న గెట్ టుగెదర్, జస్ట్ క్లోజ్ ఫ్రెండ్స్,” అన్నాడు ఫోన్లో. ఆర్వో అంటే ఇక్కడి యాసలో మధ్యాహ్నం. వెళ్ళేసరికి వాకిట్లో పద్నాలుగు కార్లున్నాయి.

తప్పు అక్కడ జరిగింది, చేసినవాణ్ణి నేనే. గదినిండా మనవాళ్ళు. ఇన్నేళ్ళుగా నా ఉద్యోగమేమిటో వాళ్ళెవరికీ అర్థం కాలేదు. కొందరు నేను మైదానంలో గడ్డి చూసుకుంటాననుకునేవారు. ఆ రోజు మాత్రం ప్రసాద్ నన్ను “డిఫెన్స్ మొత్తం ఈయన చేతిలోనే” అని పరిచయం చేశాడు. బ్యాంకులో రిటైరై కూతురి దగ్గర ఉంటున్న రామారావు అంకుల్, ఇంత పెద్ద పదవిలో ఉన్న తెలుగువాణ్ణి ఇదే చూడటం అన్నారు. అందరూ కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. నేనూ కొమ్మ చివరిదాకా వెళ్ళాను.

టిఫిన్ల బల్ల మీదే పాఠం చెప్పాను. నాలుగు ఇడ్లీలు ముందు వరస. మూడు వడలు వాళ్ళ వెనక లైన్‌బ్యాకర్లు. నాలుగు పచ్చిమిరపకాయలు చివరి కాపలా. టమాటా సాస్ సీసా క్వార్టర్‌బ్యాక్. ఇడ్లీ అంటే ఏమిటో, దోశ అంటే ఏమిటో కదిపి చూపించాను. మధ్యలో ఒక వడ మాయమైంది. అంకుల్ పరధ్యానంగా నములుతూ, తరువాతేంటి అని అడిగారు. పెసరట్టు దగ్గరికి వచ్చేసరికి మిగిలిన వడలూ ఇడ్లీలూ అన్నీ ఒక్క ఊపున సాస్ సీసా మీదికి తోశాను. సీసా పడిపోయింది. గది గదంతా చప్పట్లు. ప్రసాద్ కూతురు “దట్స్ సో కూల్ మామయ్యా!” అంది. యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో నా వృత్తికి నేను అందుకున్న మొదటి చప్పట్లవి. ఎంత బాగున్నాయో చెప్పలేను.

మర్నాడు నలభైమంది వచ్చారు. సరిగ్గా మా బెంచీ వెనక, నా కేకలు వినపడేంత దగ్గరగా కూర్చున్నారు. ఫ్లాస్కులు, దుప్పట్లు, డబ్బాలు. వాళ్ళకు వీపు పెట్టి నిలబడటం నా ఉద్యోగం కనక, వెనక ఏం జరుగుతోందో నాకు తెలియలేదు.

మొదటి భాగమంతా ఒకటే వరస. ఇడ్లీ బానే పనిచేసింది, దోశా ఫరవాలేదు. పెసరట్టు అరిచినప్పుడల్లా సిడ్నీ క్వార్టర్‌బ్యాక్ ఒకసారి మా బెంచీ వైపు చూసి, మా లైన్‌బ్యాకర్లు ఖాళీ చేసిన చోటికి బంతి విసిరేవాడు, పోస్ట్‌మన్ చేతికి ఉత్తరం ఇచ్చినంత నిమ్మళంగా. వాడికి తెలుగు వచ్చే అవకాశం లేదు. బంగారు జుట్టు, పేరు బ్రాడ్. విరామానికి వాళ్ళు పదిహేడు, మేం సున్నా. రాస్ నా దగ్గరికి వచ్చి, కాల్ షీట్ వైపు చూసి వెళ్ళిపోయాడు. అడిగి లాక్కున్నా అంత బాధ ఉండేది కాదు.

కారణం కనిపెట్టినవాడు డేల్. నా కేక అందుకోవడానికి వాడు బెంచీ వైపే తిరిగి నిలబడతాడు, అందుకని నా వెనక ఉన్నదంతా వాడికి కనిపిస్తుంది. డ్రెస్సింగ్ రూమ్‌లో మెల్లగా చెవిలో చెప్పాడు. “కోచ్, మీవాళ్ళు ఇడ్లీకి కూర్చునే ఉంటున్నారు. దోశకీ కూర్చునే ఉంటున్నారు. పెసరట్టు అనగానే అందరూ లేచి ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు.”

బ్రాడ్‌కి తెలుగు అక్కర్లేదు. నలభైమంది ఒక్కసారి లేచి నిలబడితే ఏదో పెద్దది వస్తోందని గొడ్డుకైనా తెలుస్తుంది.

వెళ్ళి కూర్చోమని బతిమాలవచ్చు. కానీ మనవాళ్ళను లేవొద్దంటే, ఎందుకు లేవకూడదో పక్కవాళ్ళకు వివరిస్తారు, అదీ గట్టిగా. పైగా అంతదూరం నా కోసం వచ్చినవాళ్ళు. విరామంలో ఇంకా ఏడు నిమిషాలుంది. పదకొండుమందినీ పిలిచి రెండే మాటలు చెప్పాను. ఇక నుంచి పెసరట్టు అంటే ఎవరూ కదలకూడదు, మధ్యలో చోటు కాసుకుని నిలబడాలి. మీద పడాల్సినప్పుడు నేను ఉప్మా అంటాను.

రెండో భాగంలో మొదటి పెసరట్టుకు వెనక నుంచి పెద్ద ఈల వినిపించింది. అంతా లేచారని అర్థమైంది. బ్రాడ్ ఒక చూపు చూసి, అలవాటు ప్రకారం మధ్యలోకి విసిరాడు. అక్కడ డేల్ ఉన్నాడు. తాంబూలం అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు. జీవితంలో ఎన్నడూ బంతి పట్టుకుని పరిగెత్తినవాడు కాదు. అరవై గజాలు పరిగెత్తి, గీత దాటి, అక్కడే పడుకుండిపోయాడు. నీళ్ళు పట్టుకుని నేనే వెళ్ళాను.

తరువాత ఉప్మా అన్నాను. వెనక నలభైమంది ఒక్కసారిగా నిట్టూర్చారు. ఎవరో ఫ్లాస్కు మూత తీసిన చప్పుడు కూడా వినిపించింది. బ్రాడ్ మా బెంచీ వైపు చూశాడు. అంతా కూర్చుని టీ తాగుతున్నారు. తీరిగ్గా బంతి పట్టుకుని నిలబడ్డాడు. మావాళ్ళు ఎనిమిదిమంది వాడి మీద పడ్డారు. ఆ మధ్యాహ్నం ఉప్మా నాలుగుసార్లు వడ్డించాను. ఇరవై పదిహేడుతో గెలిచాం.

ఆట అయ్యాక ఆనందం పట్టలేక స్టాండు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ చావు ఇంటికి వచ్చినట్టున్నారు. ప్రసాద్ నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళాడు.

“గెలిచారు, గుడ్. బట్ బావగారూ, మీ టీమ్ మీ మాట అస్సలు వినట్లేదండీ. పెసరట్టు అంటే స్తంభాల్లా నిలబడుతున్నారు. ఉప్మా అంటే ఎగబడుతున్నారు. ఇట్స్ వెరీ డిస్‌రెస్పెక్ట్‌ఫుల్. మీరు హెచ్‌ఆర్‌తో మాట్లాడాల్సిందే.”

రామారావు అంకుల్ అయితే, బ్యాంకులో తన కింద గుమాస్తాలు కూడా మొదట్లో ఇలాగే ఉండేవారని, కొంచెం గట్టిగా ఉండాలని ధైర్యం చెప్పారు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. అయిదు వారాల్లో అదే సిడ్నీ జట్టుతో మళ్ళీ ఆట ఉంది. నిజం చెబితే సాయంత్రానికల్లా గిరావీన్ మొత్తానికీ తెలుస్తుంది. “కొత్త కుర్రాళ్ళు అంకుల్, మెల్లగా వింటారు,” అని తల వంచుకుని వచ్చేశాను. నిన్న మధ్యాహ్నం చప్పట్లు కొట్టినవాళ్ళే ఇవాళ నా మీద జాలిపడ్డారు.

సోమవారం సాయంత్రం నాలుగింటికి వీడియో సమీక్ష. ఆటలోని ప్రతి ఎత్తునూ ఆపి ఆపి చూడటం ఈ వృత్తిలో తప్పని క్రతువు. గోల్ వెనక కెమెరాలో మా బెంచీ, స్టాండు స్పష్టంగా పడ్డాయి. ఫోన్లు లేవడం, దిగడం. రాస్ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. అంతా నేను ముందే పన్నిన ఎత్తనుకున్నాడు. మొదటి భాగంలో కావాలనే స్టాండులోని మావాళ్ళను లేపించి, ఎదుటివాణ్ణి నమ్మించి, రెండో భాగంలో దెబ్బ కొట్టానన్నాడు. తన ముప్పై ఏళ్ళ కోచింగులో ఇంత కుట్ర చూడలేదని, లీగ్ కోచ్‌ల సమావేశంలో నన్నే దీని మీద మాట్లాడమన్నాడు.

ఆ పొగడ్తను దాదాపు ఒక నిమిషం అనుభవించాను. దాచను, హాయిగానే ఉంది. తరువాత శనివారం భోజనం సంగతి, వడలతో సహా చెప్పేశాను.

కాల్ షీట్ ఎవరికైనా చూపించావా అని రాస్ అడిగాడు. లేదు, జేబులోనే ఉందన్నాను. మరి ఎలా తెలిసిందన్నాడు. కాగితాన్ని జేబులో పెట్టాను కానీ నోటిని పెట్టుకోలేదన్నాను. ఆయన నవ్వలేదు. సమావేశంలో ప్రసంగం రద్దయింది. బయటి ఊరి ఆటకు ముందు కోచ్‌లెవరూ మోటెల్ దాటకూడదని కొత్త నిబంధన వచ్చింది. దానివల్ల స్నేహితుల ఇళ్ళలో బార్బీలు, అంటే పెరట్లో మాంసం కాల్చుకునే విందులు, పోగొట్టుకున్న తోటి కోచ్‌లు సీజనంతా నన్ను తిట్టారు. కాల్ షీట్ మాత్రం నా దగ్గరే ఉంచాడు. మరుసటి ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు, అది తెలివికి ఇచ్చింది కాదని, అబద్ధం ఆడే అవకాశం ఉండి ఆడనందుకు ఇచ్చిందని చెప్పాడు.

ఆ తరువాత లీగ్ మూతపడేదాకా నాలుగు సీజన్లు పనిచేశాను. వ్యూహాలు చాలాసార్లు బయటపడ్డాయి, ప్రతిసారీ కారణం వెతికాను. శత్రువు తెలివి వల్ల బయటపడింది ఒక్కటీ లేదు. ఎవరో ఒకరు ఇంట్లో మెప్పు కోసం చెప్పుకున్నవే అన్నీ. రక్షణ పని బాగా చేసినవాడికి అది సొంతవాళ్ళ ముందు చెప్పుకునే వీలుండదు. చప్పట్లు కావలసినవాడు బంతి విసిరే పని చూసుకోవాలి.